గుర్రానికి గుండె స్కానింగ్: మత్తు ఇవ్వాలా, ఇస్తే ఏ మందు?

గుండెలో మర్మర్ (అదనపు గరగర శబ్దం) వినిపించిందనో, పరుగులో మునుపటి ఊపు లేదనో, కొనేముందు ఒకసారి చూపించుకుంటే మంచిదనో గుర్రాన్ని ఎకో (గుండె అల్ట్రాసౌండ్) పరీక్షకు తీసుకువెళ్తారు. కుడి ముంగాలిని ఒక అడుగు ముందుకు పెట్టించి, నాలుగో ఐదో పక్కటెముకల సందులో, భుజపు కండరం కిందికి ప్రోబ్‌ను గట్టిగా నెట్టి చూడవలసిన పరీక్ష అది. 500 కిలోల జంతువు అరగంట, ఒక్కోసారి ముప్పావుగంట ఆ భంగిమలోనే నిలబడాలి. నిలబడకపోతే సూది వేయడం సులువే. వేసిన తర్వాత తెరమీద కనిపించేది ఆ గుర్రం సహజమైన గుండె పనితీరా, లేక మందు తెచ్చిపెట్టిన పనితీరా అన్నది తేల్చడమే కష్టం.

గుర్రాల యజమానులు, శిక్షకులు, అప్పుడప్పుడు మాత్రమే గుర్రాలను చూసే పశువైద్యులు తరచూ ఇక్కడే ఆగిపోతారు. మందు లేకుండా ఓపికగా చేయాలా, ఎసిప్రోమజిన్ లాంటి తేలికపాటి మత్తుమందు సరిపోతుందా, జైలజిన్ లాంటి గట్టి మందు కావాలా అన్న ప్రశ్నకు అందరికీ పనికివచ్చే ఒకే జవాబు లేదు. గుండెను మనం ఏమి అడగబోతున్నామో దాన్నిబట్టే మందును ఎంచుకోవాలన్నది నా అభిప్రాయం. గుర్రం ఎంత అల్లరి చేస్తోందన్నది ఆ తర్వాతి మాట. వాడుకలో ఈ వరుస తలకిందులవడం వల్లే చాలా నివేదికలు అక్కరకు రాకుండా పోతున్నాయి.

ముందు తేల్చుకోవలసిన సంగతులు

మొదటిది పరీక్ష ఉద్దేశం. గుండె గోడల మధ్య రంధ్రం ఉందా, కవాటం మీద ఇన్ఫెక్షన్ గడ్డలు ఉన్నాయా, కవాటాన్ని పట్టి ఉంచే తంతువు తెగిందా అన్నవి ఆకృతికి సంబంధించిన ప్రశ్నలు. మత్తులో ఉన్నా రంధ్రం రంధ్రంగానే కనిపిస్తుంది. ఎడమ జఠరిక ఎంత బలంగా ముడుచుకుంటోంది, కవాటం ఎంత లీకవుతోంది, నిరుడు తీసిన కొలతలతో పోలిస్తే గుండె పెద్దదయిందా అన్నవి పనితీరుకు సంబంధించినవి. మందు దెబ్బతీసేది ప్రధానంగా ఈ రెండో రకం జవాబులనే.

రెండోది గుండె పరిస్థితి. గుండె వైఫల్యంతో పొట్ట కింద, ఛాతీ ముందు నీరు పట్టిన గుర్రానికి, ఆరోగ్యంగా ఉండి కేవలం బెదురు స్వభావం గల గుర్రానికి ఒకే మోతాదు ఆలోచించడం ప్రమాదం. మూడోది, ఇదే గుర్రానికి ఆరు నెలలకో ఏడాదికో మళ్లీ పరీక్ష చేయవలసి వస్తుందా అన్నది. నాలుగోది పోటీ తేదీ. మత్తుమందులన్నీ పోటీ నియమాల ప్రకారం నియంత్రణలో ఉన్నవే. చివరిది మనుషుల భద్రత. ప్రోబ్ పట్టుకున్న వైద్యుడి తల గుర్రం మోచేతి దగ్గరే ఉంటుందన్న విషయం పక్కన నిలబడి చూసేవారికి అంతగా తట్టదు.

మత్తు గుండెను ఏం చేస్తుంది?

ప్రశాంతంగా ఉన్న పెద్ద గుర్రం గుండె నిమిషానికి సుమారు 28 నుంచి 40 సార్లు కొట్టుకుంటుంది. అదే గుర్రం పరుగు పతాకస్థాయిలో 220 దాటుతుంది. ఇంత విస్తృతమైన పరిధి ఉన్న గుండె విశ్రాంతిలో వేగస్ నాడి అదుపులో ఉంటుంది కాబట్టి, ఆరోగ్యంగా ఉన్న గుర్రాల్లో కూడా మూడు నాలుగు కొట్టుళ్లకు ఒకటి జారిపోవడం, అంటే కర్ణిక నుంచి జఠరికకు సంకేతం అప్పుడప్పుడు అందకపోయే రెండో స్థాయి ఏవీ బ్లాక్ కనిపించడం మామూలే. కాస్త నడిపిస్తే అది మాయమవుతుంది.

జైలజిన్, డెటోమిడిన్, రోమిఫిడిన్ మూడూ ఆల్ఫా-2 అగోనిస్టులనే వర్గానికి చెందినవి. ఇవి సిరలోకి వెళ్లగానే రక్తనాళాలు బిగుసుకుని రక్తపీడనం పెరుగుతుంది. ఆ పెరుగుదలను ధమనుల గోడల్లోని పీడన గ్రాహకాలు పసిగట్టి గుండె వేగాన్ని తగ్గిస్తాయి. ఏవీ బ్లాక్ లేని గుర్రంలో అది పుట్టుకొస్తుంది, ఉన్న గుర్రంలో ఎక్కువవుతుంది. మరికొంత సేపటికి గుండెను, రక్తనాళాలను ఉత్తేజపరిచేలా మెదడు పంపే సింపథెటిక్ ఆజ్ఞలు తగ్గడం వల్ల పీడనం మెల్లగా దిగి, మామూలు స్థాయికన్నా కిందికి కూడా పోవచ్చు. అంటే ఒకే సూది తర్వాత ఐదో నిమిషంలో కనిపించే గుండె, నలభయ్యో నిమిషంలో కనిపించే గుండె ఒకటి కావు. మత్తు ప్రభావాన్ని ఒక స్థిరమైన అంకెగా భావించి, నివేదికలో అంత తీసేసి చదువుకుంటే సరిపోతుందనుకోవడం అందుకే కుదరదు.

తెరమీద ఇది ఎలా కనిపిస్తుందో ఒక లెక్కతో చూడవచ్చు. ఎడమ జఠరిక వ్యాసం నిండినప్పుడు 11.5 సెం.మీ., ముడుచుకున్నప్పుడు 7.2 సెం.మీ. ఉందనుకుందాం. తేడా 4.3 సెం.మీ.ను 11.5తో భాగిస్తే 37 శాతం వస్తుంది. వైద్యులు ఫ్రాక్షనల్ షార్టెనింగ్ అనే ఈ అంకె ఆరోగ్యంగా ఉన్న గుర్రాల్లో సాధారణంగా 30 నుంచి 45 శాతం మధ్య ఉంటుంది. ఇప్పుడు రక్తనాళాలు బిగుసుకున్నాయి, గుండె ఎక్కువ పీడనానికి ఎదురుగా రక్తాన్ని నెట్టాలి, కాబట్టి పూర్తిగా ముడుచుకోలేక 8.2 సెం.మీ. దగ్గర ఆగింది. నిండినప్పటి వ్యాసం 11.6. ఈసారి అంకె 29 శాతం. గుండె కండరానికి ఏ జబ్బూ లేదు, అయినా కాగితం మీద అది బలహీనమైన గుండెగా తేలింది. ముడుచుకున్నప్పటి వ్యాసం పెరగడం, గోడ మందంలో మార్పు తగ్గడం ఆల్ఫా-2 మందుల గుర్తు. నిండినప్పటి వ్యాసం, బృహద్ధమని మొదలు కొలత అంతగా కదలవు.

కవాటాల లీకు ఇంకా చిక్కు తెచ్చే విషయం. ఎదురుపీడనం పెరిగితే ఎడమ జఠరికలోని రక్తం కొంత వెనక్కి, మైట్రల్ కవాటం గుండా కర్ణికలోకి పోవడం సులువవుతుంది. గుండె నెమ్మదిస్తే రెండు కొట్టుళ్ల మధ్య విరామం పొడవవుతుంది, బృహద్ధమని కవాటం లీకయ్యే గుర్రంలో ఆ విరామమంతా రక్తం వెనక్కి కారుతూనే ఉంటుంది. అంతవరకూ లేని చిన్న లీకులు రంగు డాప్లర్‌లో (రక్తప్రవాహాన్ని రంగుల్లో చూపే స్కానింగ్) కొత్తగా ప్రత్యక్షమవడం, ఉన్నవి పెద్దవిగా కనిపించడం ఆల్ఫా-2 మందులు ఇచ్చిన గుర్రాల్లో తెలిసిన సంగతే.

ఎసిప్రోమజిన్ దారి వేరు. అది రక్తనాళాలను వదులు చేస్తుంది, పీడనం దిగుతుంది, గుండె వేగం అలాగే ఉండటమో కొంచెం పెరగటమో జరుగుతుంది. ఎదురుపీడనం తగ్గడం వల్ల లీకు ఉన్నదానికన్నా కాస్త తక్కువగా కనిపించే వీలుంది. కొలతల మీద దీని ప్రభావం ఆల్ఫా-2 మందులతో పోలిస్తే బాగా తక్కువ.

ఇంతా చెప్పి, మందు లేని గుర్రమే స్వచ్ఛమైన ప్రమాణమని అనుకుంటే అదీ పొరపాటే. కొత్త చోట, కొత్త మనుషుల మధ్య చెవులు నిక్కబొడుచుకుని నిలబడ్డ గుర్రం గుండె 55 కొట్టుకుంటుంటే, దాని కొలతలు కూడా విశ్రాంతి కొలతలు కావు. గుండె నిండే తీరును చూపే డాప్లర్ అలల్లో మొదటిది, రెండోది వేగం పెరిగేకొద్దీ ఒకదానిలో ఒకటి కలిసిపోయి విడిగా కొలవడానికి వీల్లేకుండా పోతాయి. అడ్రినలిన్ కూడా ఒక మందే. సిరంజిలోంచి రాలేదు, అంతే తేడా.

మందు లేకుండా

పనితీరు గురించి అడిగే ఏ పరీక్షకైనా నా మొదటి ఎంపిక ఇదే. అయితే దీనికి ఓపిక కావాలి. అలవాటైన సైసు దగ్గర ఉండటం, తోడు గుర్రాన్ని కనుచూపు మేరలో కట్టడం, గది మసకగా నిశ్శబ్దంగా ఉండటం, క్లిప్పర్ చప్పుడుకు బెదిరే గుర్రానికి వెంట్రుకలు ముందురోజే కత్తిరించి ఉంచడం లాంటి చిన్న ఏర్పాట్లు చాలా సూదులను తప్పిస్తాయి. ప్రోబ్ పెట్టిన మొదటి పది నిమిషాల కొలతలను లెక్కలోకి తీసుకోకుండా, గుండె వేగం 40 చుట్టుపక్కలకు దిగాక మొదలుపెట్టడం మంచిది. గడ్డి పెట్టి మరిపించడం బాగానే ఉంటుంది కాని, నమిలే ప్రతిసారీ బొమ్మ కదులుతుంది కాబట్టి అసలు కొలతల వేళ గడ్డి తీసేయాలి.

పై పెదవికి ట్విచ్ (పెదవిని బిగించి పట్టే సాధనం) వేయడాన్ని చాలామంది మందు లేని పద్ధతిగానే లెక్కేస్తారు. నిజానికి పెదవి ట్విచ్ మొదట్లో గుండె వేగాన్ని తగ్గించి, కొన్ని నిమిషాలు గడిచాక పెంచగలదు. రెండు నిమిషాల పనికి పనికొస్తుంది, అరగంట పరీక్షకు కాదు. చెవి మెలిపెట్టి పట్టుకోవడం గుర్రాన్ని మరింత బెదరగొడుతుంది, అది అసలు వద్దు.

ఎసిప్రోమజిన్

కొలతలు కావాలి, గుర్రం కొద్దిగా కుదురుగా ఉంటే చాలు అనుకున్నప్పుడు దీన్ని మించినది లేదు. సిరలోకి కిలోకు 0.02 నుంచి 0.05 మి.గ్రా. వరకు ఇవ్వడం వాడుక. దీని అసలు లోపం తొందర లేకపోవడం. పావుగంటకు పని మొదలై, పూర్తిగా ఎక్కడానికి అరగంట పైనే పడుతుంది, ఆ సమయమంతా గుర్రాన్ని కదపకుండా వదిలేయాలి. అప్పటికే రెచ్చిపోయిన గుర్రం మీద ఇది నమ్మదగ్గట్టు పనిచేయదు. పని చేయడం లేదని పది నిమిషాలకే మరో మోతాదు వేయడం చాలామంది చేసే తప్పు.

మగగుర్రాల్లో, ముఖ్యంగా సంతతికి వాడే పోతుల్లో, అంగం బయటికి జారి వెనక్కి వెళ్లకపోవడం అనే అరుదైన, కాని తీవ్రమైన ఉపద్రవం ఉంది. రక్తం పోయిన గుర్రానికి, ఒంట్లో నీరు తగ్గిపోయిన గుర్రానికి, కుప్పకూలే స్థితిలో ఉన్న గుర్రానికి ఇది ఇవ్వరాదు. దీనికి విరుగుడు మందు లేదు. ప్లీహం వదులై రక్తకణాలను పట్టి ఉంచుకోవడం వల్ల హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) తగ్గుతుంది కాబట్టి, రక్తపరీక్ష కూడా చేయించేట్టయితే రక్తం ముందే తీసుకోవాలి.

జైలజిన్

మన దేశంలో పశువైద్యుల సంచిలో తప్పక దొరికే మందు. రెండు మూడు నిమిషాల్లో పని మొదలవుతుంది, అరగంటలో చాలావరకు దిగిపోతుంది. పూర్తి మోతాదు కిలోకు 1.1 మి.గ్రా. వరకు ఉన్నా, ఎకోకు అందులో మూడో వంతుతోనో సగంతోనో సరిపెట్టడం మేలు. ప్రభావం త్వరగా తగ్గడం దీని బలం, అదే బలహీనత కూడా. పరీక్ష మొదలుపెట్టినప్పుడున్న గుండె, ముగించేటప్పుడున్న గుండె వేరువేరుగా ఉంటాయి. కుడివైపు కొలతలు గాఢమత్తులో, ఎడమవైపు కొలతలు తేరుకుంటుండగా తీస్తే ఆ రెండింటినీ ఒకే నివేదికలో కలపడం న్యాయం కాదు.

డెటోమిడిన్, రోమిఫిడిన్

ఈ రెండింటినీ కలిపి చూడటమే సబబు, ఎందుకంటే ఒకటి దొరికిన చోట రెండోదాని గురించి అడగడం సహజం. డెటోమిడిన్ శక్తిమంతమైనది, మైక్రోగ్రాముల్లో ఇస్తారు, కిలోకు 10 మైక్రోగ్రాములే ఎకోకు ఎక్కువ. ప్రభావం ముప్పావుగంట, గంట వరకు, మోతాదు పెరిగితే ఇంకా ఎక్కువసేపు ఉంటుంది. తల బాగా వాలిపోతుంది, కాళ్లు తూలుతాయి, బరువు ఎడమ ముంగాలి మీదకూ కుడి ముంగాలి మీదకూ మారుస్తూ ఉంటుంది. ముందుకు పెట్టించిన కాలును వెనక్కి తెచ్చేసుకుంటుంది. కదలకుండా ఉండటానికి వేసిన మందే ఇలా బొమ్మ దొరక్కుండా చేస్తుంది. రోమిఫిడిన్‌తో తూలడం, తల వాలడం తక్కువ, కాళ్ల మీద గట్టిగా నిలబడుతుంది, ప్రభావం ఇంకా ఎక్కువసేపు ఉంటుంది.

కోపెన్‌హాగెన్ పరిశోధకులు డెటోమిడిన్, రోమిఫిడిన్, ఎసిప్రోమజిన్‌లను ఆరోగ్యంగా ఉన్న గుర్రాల్లో పోల్చి 2007లో ప్రచురించారు. గుండె పనితీరు మీద, లీకుల మీద డెటోమిడిన్ ప్రభావం స్పష్టంగా ఉందని, రోమిఫిడిన్‌ది అంతకన్నా తక్కువని తేలింది. గట్టి మందు తప్పదనుకున్నప్పుడు, రెండూ అందుబాటులో ఉంటే, తక్కువ మోతాదు రోమిఫిడిన్ వైపే నేను మొగ్గుతాను.

బ్యుటార్ఫనాల్ జోడింపు

ఆల్ఫా-2 మందుకు తోడుగా కిలోకు 0.01 నుంచి 0.02 మి.గ్రా. బ్యుటార్ఫనాల్ అనే నొప్పిమందు చేరిస్తే మొదటి మందు మోతాదు తగ్గించుకోవచ్చు. గుండె మీద దీని భారం చాలా తక్కువ. ఆల్ఫా-2 మందులు వేసుకుని కళ్లు మూసుకున్న గుర్రం కూడా ముట్టుకుంటే ఉలిక్కిపడి గురిచూసి తన్నగలదు, ఆ అలవాటు ఈ జోడింపుతో తగ్గుతుంది. ఒంటరిగా ఇస్తే మాత్రం కొన్ని గుర్రాలు తల విదిలిస్తాయి, అటూఇటూ నడవడం మొదలుపెడతాయి. గుండె నెమ్మదించింది కదా అని అట్రోపిన్ వేసి వేగం పెంచుకునే ఆలోచన కొందరికి వస్తుంది. పెరిగిన పీడనానికి వేగం తోడవుతుంది, పైగా పేగుల కదలిక ఆగి కడుపునొప్పి తెచ్చిపెట్టవచ్చు. కొలతలకు దానివల్ల ఒరిగేదేమీ లేదు.

| మార్గం | గుండె వేగం | రక్తపీడనం | ముడుచుకునే శక్తి కొలత | లీకులు | పని మొదలు, నిడివి |
|---|---|---|---|---|---|
| మందు లేకుండా | బెదిరితే పెరుగుతుంది | బెదిరితే పెరుగుతుంది | శాంతంగా ఉంటే నమ్మవచ్చు | ఉన్నవి ఉన్నట్టు | వెంటనే. గుర్రం ఓపికను బట్టి |
| ఎసిప్రోమజిన్ | అంతే, లేదా స్వల్పంగా ఎక్కువ | తగ్గుతుంది | మార్పు తక్కువ | కాస్త తక్కువగా కనిపించవచ్చు | అరగంట పైన. కొన్ని గంటలు |
| జైలజిన్ | తగ్గుతుంది, బ్లాక్ రావచ్చు | పెరిగి, తర్వాత తగ్గుతుంది | తగ్గుతుంది | పెరగవచ్చు | 2–3 నిమిషాలు. సుమారు అరగంట |
| రోమిఫిడిన్ | తగ్గుతుంది, బ్లాక్ రావచ్చు | పెరిగి, తర్వాత తగ్గుతుంది | తగ్గుతుంది, డెటోమిడిన్ అంత కాదు | పెరగవచ్చు | కొన్ని నిమిషాలు. గంట పైన |
| డెటోమిడిన్ | బాగా తగ్గుతుంది, బ్లాక్ తరచూ | బాగా పెరిగి, తర్వాత తగ్గుతుంది | స్పష్టంగా తగ్గుతుంది | పెరుగుతాయి, కొత్తవి కనిపించవచ్చు | కొన్ని నిమిషాలు. ముప్పావుగంట, ఆపైన |

ఏ ప్రశ్నకు ఏది

పట్టికలో ఇమడని ఒక ఉదాహరణను కాస్త దగ్గరగా చూడటం మంచిది. రెండు జఠరికల మధ్య గోడలో పుట్టుకతో రంధ్రం ఉన్న గుర్రం స్వారీకి పనికొస్తుందా అని తేల్చేటప్పుడు రెండు అంకెలు చూస్తారు. రంధ్రం 2.5 సెం.మీ. మించకూడదు, దాని గుండా దూసుకెళ్లే రక్తం వేగం సెకనుకు 4 మీటర్లకు తగ్గకూడదు. వేగం ఎక్కువ ఉండటం మంచి సూచన ఎందుకంటే, రెండు గదుల మధ్య పీడన వ్యత్యాసం నిలబడి ఉందని, అంటే రంధ్రం చిన్నదని దాని అర్థం. వేగాన్ని వర్గం చేసి 4తో గుణిస్తే ఆ వ్యత్యాసం వస్తుంది. సెకనుకు 3.8 మీటర్లు అంటే 58 మి.మీ. పాదరసం, 4.2 మీటర్లు అంటే 71. ఎడమ జఠరికలో పీడనం 13 మి.మీ. పెరిగితే చాలు, హద్దుకు కింద ఉన్న గుర్రం హద్దు దాటి మంచి జాబితాలో చేరిపోతుంది. ఆల్ఫా-2 మందు మొదటి నిమిషాల్లో చేయగలిగేది సరిగ్గా అదే. రంధ్రం పరిమాణం మత్తులో కొలిచినా ఫరవాలేదు, వేగం మాత్రం మందు లేకుండానే కొలవాలి.

మత్తు గుర్రానికి చెడ్డపేరే తెస్తుందని, భద్రత దృష్ట్యా అది ఒక రకంగా మంచిదేనని వాదించేవారికి ఇదే నా జవాబు. ఒక్కోసారి అది లేని మంచిపేరు కూడా తెస్తుంది.

కర్ణిక ఫిబ్రిలేషన్ (కర్ణికలు లయ తప్పి అదరడం) ఉన్న గుర్రంలో లయ, వేగం ముందుగా ఈసీజీలో నమోదు చేసుకున్నాకే సూది సంగతి ఆలోచించాలి. లయ క్రమం తప్పి ఉంటుంది కాబట్టి కొలతలను మామూలుగా తీసే మూడు నుంచి ఐదు కొట్టుళ్లకు బదులు ఇంకా ఎక్కువ వాటి సగటుగా తీయాలి. పరుగెత్తించిన వెంటనే చేసే ఎకోలో మత్తుకు చోటే లేదు, అక్కడ చూడవలసిందే వేగంగా కొట్టుకునే గుండెను. వృద్ధ గుర్రాల్లో తరచుగా కనిపించే బృహద్ధమని కవాటం లీకులో నాడి ఎంత ఎగిసి పడుతోందన్నది కీలకం కాబట్టి, నాడి పట్టి చూడటం, రక్తపీడనం కొలవడం, స్టెతస్కోపుతో వినడం అన్నీ సూదికి ముందే పూర్తికావాలి.

ఎవరు ఏది ఎంచుకోవాలి

కొనుగోలుదారుడు మందు లేని పరీక్షనే పట్టుపట్టాలి, కుదరకపోతే ఎసిప్రోమజిన్‌కు ఒప్పుకోవచ్చు. ఈ మాట ఎందుకంటున్నానో చెప్పాలి. ఏడేళ్ల గెల్డింగ్ (వృషణాలు తీసేసిన మగగుర్రం) ఒకదాన్ని కొనబోయి విరమించుకున్న వ్యక్తి ఆ నివేదికను నాకు చూపించారు. ఫ్రాక్షనల్ షార్టెనింగ్ 27 శాతం, మైట్రల్‌లో లీకు, బృహద్ధమనిలో లీకు, చివరి వాక్యంలో గుండె కండరం జబ్బు అనుమానం. పక్కన ముద్రించిన ఈసీజీ గీతలో గుండె వేగం 24, ప్రతి మూడో కొట్టుడు తర్వాత ఖాళీ. మందు పేరు కాగితంలో ఎక్కడా లేదు. అడిగితే, డెటోమిడిన్ వేశారని సైసు చెప్పాడు. నాలుగు రోజుల తర్వాత దాని లాయంలోనే, పక్కన తోడు గుర్రాన్ని ఉంచి, ఏ మందూ లేకుండా చూస్తే షార్టెనింగ్ 36 శాతం, బృహద్ధమని లీకు లేదు, మైట్రల్ దగ్గర సన్నని రంగు గీత మాత్రం ఉంది. గుర్రం అదే, యంత్రం స్థాయి కూడా దాదాపు అదే.

రేసు గుర్రాల శిక్షకులకు కొలతలతో సమానంగా తేదీ కూడా ముఖ్యం. హైదరాబాద్ మలక్‌పేట రేసుకోర్సులో వర్షాకాలం, చలికాలం అని రెండు సీజన్లు నడుస్తాయి. పరీక్షను వీలైతే సీజన్ల మధ్య విరామంలో పెట్టుకోవాలి, సీజన్‌లో తప్పనిసరైతే మందు పేరు, మోతాదు, వేళ రాసి క్లబ్ పశువైద్యాధికారికి ముందే తెలపాలి. ఎంత కాలంలో మందు శరీరం నుంచి పోతుందో నోటిమాటల మీద నమ్మకం పెట్టుకోకూడదు. శిక్షణలో ఉన్న థరోబ్రెడ్ (రేసు జాతి) గుర్రాల్లో ట్రైకస్పిడ్ కవాటం, అంటే గుండె కుడివైపు కర్ణికకూ జఠరికకూ మధ్య ఉండే కవాటం, చిన్న లీకు మామూలుగానే చాలా ఎక్కువగా కనిపిస్తుందన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. దానికి మత్తు తోడైతే భయపెట్టే బొమ్మ తయారవుతుంది.

గుండె వైఫల్యం అనుమానం ఉన్న గుర్రం యజమాని మత్తు అడగకపోవడమే మంచిది. అలాంటి గుర్రాలు చాలావరకు నీరసంగా ఉండి తామే నిలబడతాయి. సగటు గుర్రం గుండె ఒక్కో కొట్టుడుకు సుమారు 900 మి.లీ. నెడుతుందనుకుంటే, వేగం 36 నుంచి 24కు దిగితే నిమిషానికి 32 లీటర్లు కాస్తా 22 లీటర్లు అవుతాయి. కొట్టుడు పరిమాణం కూడా తగ్గితే ఇంకా తక్కువే. ఆరోగ్యంగా ఉన్న గుండె దీన్ని తట్టుకుంటుంది, అప్పటికే అంచున ఉన్న గుండె తట్టుకోకపోవచ్చు. కుప్పకూలే గుర్రం పక్కన వైద్యుడు ఉంటాడన్నది మరవరాదు.

కొత్తగా పుట్టిన పిల్లల గుండె ఉత్పత్తి ఎక్కువగా వేగం మీదే ఆధారపడి ఉంటుంది కాబట్టి ఆల్ఫా-2 మందులు వాటికి తగవు. ఇద్దరు మనుషులు పట్టుకుని, తల్లిని కళ్లెదుట నిలిపితే చాలావరకు పని జరిగిపోతుంది. మరీ అవసరమైతే డయజిపామ్‌తో పడుకోబెట్టి చూస్తారు.

లోతట్టు ఊళ్లో, జైలజిన్ తప్ప మరొకటి దొరకని చోట, పెళ్లి ఊరేగింపులకు వాడే బెదురు గుర్రాన్ని చూడవలసి వచ్చిన వైద్యుడికి ఆదర్శాలు చెప్పి లాభం లేదు. తక్కువ మోతాదు జైలజిన్ వేసి, రంధ్రాలు, గడ్డలు, తెగిన తంతువులు, గుండె చుట్టూ నీరు ఉన్నాయేమో చూడవచ్చు. ఇవి ఏవీ లేవని తేలడమే ఆ యజమానికి పెద్ద సమాచారం. పనితీరు మీద తీర్పు మాత్రం ఇవ్వకుండా ఉండాలి. ఎండాకాలం మధ్యాహ్నం ఈ పని పెట్టుకోకపోవడం మంచిది. జ్వరంతో ఉన్న గుర్రాల్లో ఈ వర్గం మందుల తర్వాత శ్వాస విపరీతంగా వేగమవడం తెలిసిన విషయం, వగర్చే గుర్రంలో ఊపిరితిత్తి మాటిమాటికీ ప్రోబ్ ముందుకు వచ్చి గుండెను కప్పేస్తుంది.

మత్తు ఇచ్చి తీరాలంటే

వరుస ఇలా ఉండాలి. స్టెతస్కోపు, నాడి, ఈసీజీ ముందు. ఆ తర్వాత గుర్రం ఎంతసేపు ఒప్పుకుంటే అంతసేపు, రెండు మూడు నిమిషాలైనా సరే, మందు లేకుండా ఎడమ జఠరిక కొలత, రంగు డాప్లర్ తీసుకోవాలి. గుర్రం ఓపిక ఎప్పుడు అయిపోతుందో తెలియదు కాబట్టి ఎక్కువ అవసరమైన కొలతనే ముందు తీయాలి. అప్పుడు సూది వేసి మిగతా ఆకృతి పరీక్షను తీరిగ్గా చేసుకోవాలి. మందుకు ముందు లేని లీకు తర్వాత కనిపిస్తే, అది ఎక్కడినుంచి వచ్చిందో వెతుక్కోనక్కరలేదు. రంధ్రం గుండా రక్తం వేగం తప్పించి, ఆల్ఫా-2 మత్తులో కొలత బాగుందంటే దాన్ని చాలావరకు నమ్మవచ్చు, బాగా లేదంటే మందు లేకుండా మళ్లీ చూసేదాకా తీర్పు వాయిదా వేయాలి. అవసరమైతే అటిపమెజోల్‌తో ఆల్ఫా-2 ప్రభావాన్ని తిప్పికొట్టవచ్చు కాని, వెంటనే మళ్లీ కొలవడానికి అది మార్గం కాదు, గుండె అప్పటికి ఇంకో స్థితిలో ఉంటుంది. గుర్రం పూర్తిగా తేరుకునే వరకు మేత పెట్టకూడదు, గొంతులో అడ్డుపడుతుంది.

మళ్లీ పరీక్ష ఉంటుందనుకుంటే మందు, మోతాదు, సూదికీ కొలతకూ మధ్య వ్యవధి మూడూ రెండోసారి అలాగే ఉండాలి. అది కుదరాలంటే మొదటిసారి రాసి ఉండాలి. నివేదికలో ఈ ఒక్క పంక్తి చాలు: "ఉదయం 10:20కి రోమిఫిడిన్ కిలోకు 40 మైక్రోగ్రాములు సిరలోకి, కొలతలు 10:35 నుంచి 10:50 వరకు, ఆ సమయంలో గుండె వేగం 26–30, రెండో స్థాయి బ్లాక్ ఉంది, మందుకు ముందు వేగం 38, బ్లాక్ లేదు, మైట్రల్ లీకు స్వల్పం."